కొండ పరుగు, కోడింగ్ కొలువు: చిక్కు గంటల్లో లేదు

నేను కొండల్లో పరుగెత్తుతానని ఆఫీసులో తెలిసినప్పుడల్లా ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "టైం ఎట్ల దొరుకుతదన్నా?" చాలాకాలం నేను గంటల లెక్కే చెప్పేవాణ్ణి. వారానికి 168 గంటలు. నిద్రకు 50, ఆఫీసుకు 50, పరుగుకు 10 తీసేసినా ఇంకా 58 మిగులుతాయి కదా అనేవాణ్ణి. కాగితం మీద ఆ లెక్కలో తప్పేమీ లేదు. దాన్ని నమ్మి నడిచిన రెండేళ్లలోనే నాకు పదేపదే జ్వరాలు వచ్చాయి, మడమ నొప్పి పట్టుకుంది, రాసిన కోడ్‌లో మునుపెన్నడూ చేయని పొరపాట్లు దొర్లాయి. చివరికి భువనగిరి బండ మీద పడ్డాను.

ఆ రోజు సంగతి చెప్పాలి. శనివారం రాత్రి ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టంలో, పేమెంట్లు ఆగిపోయాయి. ఏ వేళైనా లేచి సరిచేయాల్సిన ఆన్‌కాల్ వంతు నాదే. పదింటికి కూర్చుంటే లేచేసరికి మూడైంది. మూడు గంటలు పడుకుని, ముందే అనుకున్న ప్రకారం భువనగిరి వెళ్లాను. కోట ఎక్కడం దిగడం ఏడుసార్లు చేయాలని ప్లాన్. మొదటిసారి ఎక్కుతున్నప్పుడే కొండ బరువుగా అనిపించింది. వాచీ చూస్తే గుండె వేగం పోయిన వారం ఎంతుందో అంతే ఉంది. ఒళ్లు బాగానే ఉందని చూపిస్తోంది కదా, బద్ధకమేమో అనుకుని కొనసాగించాను. ఆరోసారి దిగుతుంటే, కాలం అరగదీసి నున్నగా చేసిన ఒక మెట్టు అంచున కాలు పెట్టాను. అది అంచు అని కంటికి తెలిసింది, కాలికి తెలిసేసరికి ఆలస్యమైంది. చెయ్యి ఆనించి పడ్డాను. మణికట్టు వాచి ఆరు వారాలు ఒంటి చేత్తో టైప్ చేశాను.

వాచీలో అంతా మామూలుగా ఉండి మనిషికి మాత్రం బరువుగా ఎందుకు ఉందన్నదే ఈ వ్యాసంలో అసలు ప్రశ్న. దానికి జవాబు తెలిస్తే టైం గురించిన సందేహం దానంతటదే మారిపోతుంది.

2009లో సామ్యూల్ మార్కోరా అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి 16 మంది మీద ఒక ప్రయోగం చేశాడు. ఒక రోజు వాళ్లను 90 నిమిషాల పాటు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఏమరుపాటు లేకుండా చూడాల్సిన పరీక్ష పెట్టాడు. ఇంకో రోజు అంతే సేపు డాక్యుమెంటరీలు చూపించాడు. రెండు రోజులూ ఆ తర్వాత ఓపిక అయిపోయేదాకా సైకిల్ తొక్కమన్నాడు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు. బుర్ర వాడిన రోజు 640 సెకన్లకే ఆగిపోయారు. గుండె, ఊపిరి, కండరాల తీరులో ఈ తేడాను వివరించేదేమీ కనిపించలేదు. మారిందల్లా "ఎంత కష్టంగా ఉంది" అని అడిగితే వాళ్లు చెప్పిన జవాబు. బుర్ర అలిసిన రోజు మొదటి నుంచే ఎక్కువ కష్టంగా ఉందన్నారు.

ఇప్పుడు మన పని చూడండి. ఎక్కడో దాక్కున్న బగ్ కోసం లాగ్‌లు వెతకడం, పది ఫైళ్ల సంగతి ఒకేసారి తలలో పెట్టుకుని ఒక లైను మార్చడం, మధ్యలో మీటింగుకు వెళ్లొచ్చి మళ్లీ అక్కడి నుంచే అందుకోవడం. ఆ ప్రయోగంలో గంటన్నర చేయించిన పనికి మన ఎనిమిది గంటల పని పెద్దన్న లాంటిది. కూర్చుని చేసే పని కాబట్టి కాళ్లకు విశ్రాంతే కదా అని ఇంట్లోవాళ్లు అంటారు, మనమూ అనుకుంటాం. కాళ్లకు విశ్రాంతే. కానీ "ఇక చాలు" అనే మాట కాళ్ల నుంచి రాదు, బుర్ర నుంచి వస్తుంది. ఆ బుర్రను పగలంతా ఖర్చు పెట్టి సాయంత్రం కొండకు పోతున్నాం. కోడింగూ కొండా ఒకే ఖాతాలోంచి డబ్బు తీస్తున్నాయి. దాన్ని నింపేవి నిద్ర, తిండి, ఊరికే ఉండటం. నాకు కరువైంది టైం కాదు, తేరుకోవడం. గంటలు ఎన్ని ఖాళీగా ఉన్నా తేరుకోని మనిషికి అవి పనికిరావు.

కొండ పరుగులో అసలు ఖర్చు ఎంతో కూడా తెలియాలి. రోడ్డు మీద మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, అంతటితో లెక్క తెలిసిపోతుంది. కొండ పోటీలో దూరం సగం మాటే. ట్రెయిల్ రన్నింగ్ అంతర్జాతీయ సంఘం వాడే లెక్కలో ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు ఒక కిలోమీటరు అదనంగా కలుపుతారు. 50 కిలోమీటర్ల పోటీలో 2,000 మీటర్ల ఎక్కుడు ఉంటే దాని బరువు 70. ఆల్ప్స్‌లో మోంబ్లాన్ పర్వతం చుట్టూ జరిగే యూటీఎంబీ పోటీ దాదాపు 170 కిలోమీటర్లు, 10,000 మీటర్ల ఎక్కుడు, గడువు 46 గంటల 30 నిమిషాలు. అంటే 270 బరువు, రెండు రాత్రులు. మన భువనగిరి బండ ఎత్తు సుమారు 500 అడుగులు, అంటే 150 మీటర్ల పైచిలుకు. యూటీఎంబీ అంత ఎక్కాలంటే ఈ బండను 66 సార్లు ఎక్కాలి. చిన్న కొండ కదా అని తీసిపారేయొద్దు. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట మెళకువలు నేర్చుకున్నది ఈ బండ మీదే. 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడ్డారు.

మన దక్షిణ తెలంగాణలో హిమాలయం లేదు. ఎత్తు వల్ల గాలి పలచబడటాన్ని ఇక్కడ అలవాటు చేసుకోలేం. గుట్టలకు మాత్రం కొదవలేదు. నల్లగొండ పట్టణానికి రెండు వైపులా లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట ఉన్నాయి. దేవరకొండ, రాచకొండ కోటలు, పాలమూరు వైపు కోయిలకొండ, మన్యంకొండ ఘాట్ రోడ్డు ఉన్నాయి. నల్లమల మీద మనసు పోవడం సహజమే. కానీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఇష్టం వచ్చినట్టు పరుగెత్తడానికి లేదు, ఉండకూడదు కూడా. అది వాటి ఇల్లు.

అమెరికా టీంతో ఉండే రాత్రి కాల్స్ దగ్గరికి వద్దాం. నేను చూసినంతలో మన ఉద్యోగాల్లో తేరుకోవడాన్ని ఎక్కువగా తినేసేది ఇదే. కాలిఫోర్నియాలో పొద్దున 9 గంటలంటే వేసవిలో మనకు రాత్రి 9:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే కాల్ మనకు రాత్రి 10:30కి వస్తుంది. మన దగ్గర పరుగుకు బంగారం లాంటి నెలలు కూడా సరిగ్గా అవే. చలికాలం పొద్దుటి పూట నల్లగొండలో గంటల తరబడి పరుగెత్తినా ఒళ్లు కాగదు. అంటే లాంగ్ రన్ కోసం త్వరగా లేవాల్సిన నెలల్లోనే నిద్ర గంట ఆలస్యమవుతోంది. నేను దీన్ని చాలా ఏళ్లు గమనించలేదు. ప్రతి డిసెంబరులోనూ ఎందుకు నీరసపడుతున్నానా అని రక్తపరీక్షలు చేయించుకున్నాను. ఒక్క మాట అడిగితే అవతలి టీం కాల్‌ను వారంలో రెండు రోజులు వాళ్ల పొద్దున 7:30కి జరిపింది. అడగడానికే నాకు మూడేళ్లు పట్టింది.

ఇందులో ప్రాణానికి సంబంధించిన సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం గట్టిగా చెబుతాను. విలియమ్సన్, ఫేయర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, 17 నుంచి 19 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానంగా, కొన్ని పరీక్షల్లో అంతకంటే తక్కువగా ఉంది. మన చట్టంలో డ్రంకెన్ డ్రైవ్ హద్దు 30 మిల్లీగ్రాములు. పొద్దున ఆరున్నరకు లేచిన మనిషి రాత్రి పదకొండున్నరకు కాల్ ముగించేసరికి 17 గంటలు నిండుతాయి. ఆ తర్వాత నాలుగు గంటలు కునుకు తీసి, తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కారేసుకుని గుట్టకు బయల్దేరేవాళ్లను నేను చాలామందిని చూశాను. నేనూ వెళ్లాను. చౌటుప్పల్ దాటాక లారీల వెనక ఎర్ర లైట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినట్టు కనిపించిన పొద్దు నాకింకా గుర్తుంది. కొండ మీద పడితే మణికట్టు పోతుంది, హైవే మీద కన్ను మూతపడితే ఇంకేం మిగలదు. రాత్రి కాల్ ఉన్న మర్నాడు కారు తీయకండి. ఇంటి దగ్గర మెట్లెక్కండి, లేదంటే పడుకోండి.

ఇక ఆన్‌కాల్. ఒక వారమంతా ఫోన్ తల దగ్గర పెట్టుకుని పడుకోవాలి. అలర్ట్ రాకపోయినా వస్తుందేమోనన్న టెన్షన్‌తో నిద్ర పలచబడుతుంది. ఇంతకుముందు ఆ వారం పోగొట్టుకున్న పరుగును తర్వాతి వారంలో కలిపి కొట్టేవాణ్ణి. అప్పు తీరుస్తున్నాననుకునేవాణ్ణి కానీ వడ్డీ పెంచుకుంటున్నానని తెలియలేదు. తర్వాత ఒక విషయం తోచింది. పరుగు కోచ్‌లు చాలామంది మూడు వారాలు మోతాదు పెంచి, నాలుగో వారం తగ్గించమంటారు. బలం పెరిగేది పరుగెత్తేటప్పుడు కాదు, ఆ తగ్గించిన వారంలో ఒళ్లు తనను తాను బాగు చేసుకునేటప్పుడు. మా టీంలో ఆన్‌కాల్ తిప్పుకునేది నలుగురం. అంటే నాలుగు వారాలకొకసారి నా వంతు! తగ్గించాల్సిన వారమేదో కంపెనీ క్యాలెండరే చూపిస్తోంది. అప్పటి నుంచి ఆన్‌కాల్ వారాన్నే తగ్గింపు వారంగా పెట్టుకున్నాను. ఇంటి చుట్టుపక్కల మెల్లగా అరగంట, నలభై నిమిషాలు, అంతే. టీంలో ఆరుగురుంటే లెక్క ఇంత చక్కగా కుదరదు, ఐదు వారాల పెంపు మధ్యలో ఇంకో చిన్న తగ్గింపు వేసుకోవాలి. ఏదేమైనా ముందు ఆఫీసు క్యాలెండర్ గీసుకుని, దాని మీద పరుగు గీసుకోవాలి. తలకిందులుగా గీస్తే ఒళ్లు చెడుతుంది.

అయితే ఉన్న కొద్ది ఓపికతో ఏం పరుగెత్తాలి?

కాపురాల గుట్ట కింద ఒక ముసలాయన మేకలు కాస్తుంటాడు. నేను ఆయాసపడుతూ ఎక్కడం చాలాసార్లు చూసి ఒకనాడు ఆపాడు. "ఎక్కెటప్పుడు ఉరుకుడెందుకు బిడ్డా? దమ్ము ఖరాబైతది. నడువు." చేతులు వెనక్కి కట్టుకుని, అడుగు చిన్నది వేస్తూ, మడమ పూర్తిగా ఆనిస్తూ ఆయన నా ముందే ఎక్కి చూపించాడు. మాట్లాడుతూనే ఎక్కాడు, ఒక్క పదం కూడా తెగలేదు. పోటీల్లో గెలిచేవాళ్లు కూడా నిటారు ఎక్కుళ్లలో నడుస్తారని నాకు తర్వాత తెలిసింది. వాలు ఒక హద్దు దాటాక పరుగుకూ నడకకూ వేగంలో పెద్ద తేడా ఉండదు, ఖర్చులో మాత్రం ఉంటుంది. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. నల్లమల లోయలోకి రాళ్ల మీదుగా దిగే ఆ దారిలో సంచులు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు, భుజాల మీద పిల్లలున్న తండ్రులు "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ పోతారు. అరవగలిగినంత దమ్ము మిగుల్చుకునే నడుస్తారు. పరుగు శాస్త్రంలో "మాట పరీక్ష" అంటారే, అది ఇదే. నిండు వాక్యం మాట్లాడగలిగితే తేలిక పరుగు, మాట తెగితే కష్టమైన పరుగు. ప్రపంచస్థాయి ఓర్పు క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వాళ్ల సాధనలో దాదాపు 80 శాతం తేలికదే అని చూపించాడు. పూర్తికాలం పరుగెత్తేవాళ్లే అలా ఉంటే, పగలంతా బుర్ర ఖర్చు పెట్టే మనం రోజూ ఆయాసపడాలనుకోవడం మన మీద మనం చేసుకునే అన్యాయం.

దిగుడు సంగతి వేరు. ఎక్కేటప్పుడు దమ్ము పోతుంది, దిగేటప్పుడు తొడలు పోతాయి. దిగుతున్నప్పుడు తొడ కండరం సాగుతూ బ్రేక్ వేస్తుంది, దాంతో అందులో సన్నని చీలికలు వస్తాయి. మర్నాడు కంటే ఎల్లుండి ఎక్కువ నొప్పి పుట్టడానికి కారణం అదే. మనలాంటివాళ్లకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది: ఒకసారి బాగా దిగి, నొప్పి తగ్గాక, మళ్లీ దిగితే నొప్పి చాలా తక్కువ. ఆ రక్షణ వారాల తరబడి నిలుస్తుంది. కాబట్టి ప్రతి వారం కొండకు పోనక్కర్లేదు. రెండు మూడు వారాలకు ఒకసారి, బాగా నిద్రపోయిన ఆదివారం, భువనగిరో దేవరకొండో ఎంచుకుని దిగుడు మీద దృష్టి పెడితే చాలు. మిగతా రోజులు ఇంటి దగ్గరి రోడ్డు, అపార్ట్‌మెంట్ మెట్లు.

తిండి గురించి, పరుగు మధ్యలో తినే తీపి జెల్ ప్యాకెట్ల ప్రకటనలు చూసి నేను చాలా డబ్బు తగలేశాను. ఒంట్లో నిల్వ ఉండే పిండిపదార్థం సుమారు 500 గ్రాములు, అంటే 2,000 కేలరీలు. 65 కిలోల మనిషికి చదును నేల మీద 30 కిలోమీటర్లకు సరిపోతుంది. ఆ తర్వాత దారిలో తినాల్సిందే, గంటకు 60 గ్రాముల దాకా. పేగులో గ్లూకోజ్ లోపలికి వెళ్లే తలుపు ఒకటి, ఫ్రక్టోజ్‌ది ఇంకొకటి. రెండూ కలిపి తింటే రెండు తలుపులూ తెరుచుకుని గంటకు 90 గ్రాముల దాకా పడుతుంది. జెల్ కంపెనీలు గొప్పగా చెప్పేది ఈ మిశ్రమం గురించే. బెల్లంలో ఎక్కువ భాగం ఉండే చక్కెర విరిగితే వచ్చేది ఈ రెండే. ఒక అరటిపండు, ఒక్కోటి ఇరవై గ్రాములుండే బెల్లం ముక్కలు రెండు, ఇవే దాదాపు 60 గ్రాములు. బతుకమ్మకు మా అమ్మ చేసే మలీద, రొట్టెను నలిపి బెల్లం కలిపి కట్టే ఆ ముద్ద, జేబులో పెట్టుకుంటే చెడదు, అరుగుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ సంగతి చెప్పక్కర్లేదు. ఒకటే జాగ్రత్త: పోటీ రోజు తినేది ముందే లాంగ్ రన్‌లలో తిని చూసుకోవాలి, పేగుకూ సాధన కావాలి.

నీళ్ల దగ్గర ఒక్క మాట ఆగి చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు వైపు పరుగెత్తేటప్పుడు నేను బోరు నీళ్లు తాగను, వీపున మోసుకుపోతాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే హాని చేసే ఫ్లోరైడ్ ఆ నేలలో ఉంది. కృష్ణా నీళ్లు రాకముందు ఆ ఊళ్లలో నడుములు వంగిపోయి, మోకాళ్లు బిగుసుకుపోయి, నలభై ఏళ్లకే కర్ర పట్టుకున్నవాళ్లు ఎందరో. మా మేనత్త అలాగే నడిచేది. నేను ఉరుకుతుంటే అరుగు మీద కూర్చుని "మంచిగ ఉరుకు నాయనా, కాళ్లున్నయ్ నీకు" అనేది. కాళ్లు బాగుండటం నేను కష్టపడి సంపాదించింది కాదని ఆమె మాటతోనే తెలిసింది. ఒళ్లు చెడేంతగా పరుగెత్తకూడదన్న నా పట్టుదలకు అన్నిటికంటే పెద్ద కారణం ఆమెనే.

పరుగు కోడింగ్‌కు ఏం చేస్తుందన్నది కూడా చూడాలి. మంచి సంగతి అందరికీ తెలిసిందే. మెల్లగా పరుగెత్తుతుంటే, కుర్చీలో తెగని చిక్కు తెగుతుంది. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ 1947లో ఇంగ్లండ్ ఛాంపియన్‌షిప్ మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో ముగించి ఐదో స్థానంలో నిలిచాడు. బుర్రకూ కాళ్లకూ శత్రుత్వం లేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చెడ్డ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. పెద్ద పోటీ తర్వాత కాళ్లు నాలుగు రోజుల్లో నడుస్తాయి, బుర్ర ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఒక 50 కిలోమీటర్ల పోటీ అయిన సోమవారం, డేటాబేస్‌లో పాత రికార్డులు తొలగించే ఒక క్వెరీలో తేదీ పక్కనుండే 'కంటే తక్కువ' గుర్తును తిరగేసి రాశాను. నా సహోద్యోగి రివ్యూలో పట్టుకుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే కస్టమర్ల డేటా పోయేది. ఇప్పుడు పోటీ తర్వాత మూడు రోజులు డిప్లాయ్‌మెంట్, అంటే కొత్త కోడ్‌ను అసలు సిస్టంలోకి ఎక్కించే పని, ముట్టను. అది ముందే టీంకు చెబుతాను, ఆ మూడు రోజులకు డాక్యుమెంటేషన్, టెస్టులు పెట్టుకుంటాను. అలాగే పెద్ద రిలీజ్ ఉన్న నెలలో పోటీకి పేరు ఇవ్వను. పోటీకి ముందు రెండు వారాలు మోతాదు తగ్గించాలి. అవి రిలీజ్ వారాలైతే పరుగు తగ్గినా ఒళ్లు తేరుకోదు.

ఇంటి సంగతి తేల్చకుండా ఈ లెక్క పూర్తి కాదు. ఆదివారం పొద్దున ఐదు గంటలు నేను కొండ మీదుంటే, ఇద్దరు పిల్లలతో ఇల్లు చూసుకునేది నా భార్య. వచ్చాక నేను సోఫాలో పడిపోతే ఆ ఐదు గంటలు తొమ్మిదవుతాయి. ఆమె ఒకసారి మెల్లగా అంది: "పోవుడుకు నేనెప్పుడన్న వద్దన్ననా? వచ్చినంక కూడ నువ్వు ఇంట్ల ఉంటలేవు." నేను తేరుకోవడానికి పట్టే సమయాన్ని ఇంట్లోవాళ్లు తమ సమయంలోంచి ఇస్తున్నారు. అందుకే ఇప్పుడు లాంగ్ రన్ మూడున్నర గంటలు దాటనివ్వను. పోటీకి నెల ముందు రెండుసార్లు మాత్రమే దాటుతుంది, ఆ తేదీలు ఆమెతో కూర్చుని పెట్టుకుంటాను. ఆమెకు శనివారం పొద్దుటి పూట పూర్తిగా ఖాళీ.

2023లో మహబూబ్‌నగర్‌లో ఐటీ టవర్, నల్లగొండలో ఐటీ హబ్ మొదలయ్యాయి. అక్కడ చేరిన కుర్రాళ్లు కొందరు పరుగు గురించి అడగడానికి నా దగ్గరికి వస్తుంటారు. హైదరాబాద్‌లో లేమే, జీతం తక్కువే అన్న వెలితి వాళ్ల మాటల్లో కనిపిస్తుంది. నేను వాళ్లకు చెప్పేది ఒకటే. గచ్చిబౌలి నుంచి నేను భువనగిరి వెళ్లి రావడానికే మూడు గంటలు పోతాయి. మీకు ఆఫీసు నుంచి గుట్ట పది, పదిహేను నిమిషాల దూరం. ఆ మిగిలిన రెండున్నర గంటలు పరుగెత్తకండి, పడుకోండి. పోయిన నెల వాళ్లలో ఒకబ్బాయి ఫోన్ చేశాడు. ఆన్‌కాల్ వారం అయిపోయిందట, ఎనిమిది గంటలు నిద్రపోయి లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఎక్కాడట. "అన్నా, మెట్లు అవే, కాని గుట్ట చిన్నగైనట్లుంది" అన్నాడు.